కణానికి ఆగమని చెప్పేదెవరు?

వంకాయలు తరుగుతుంటే కత్తిపీట తగిలి వేలు తెగుతుంది. కాస్త పసుపు అద్ది గుడ్డ చుడతాం. వారం పది రోజులకు తెగిన చోట కొత్త చర్మం వచ్చి పూడిపోతుంది. గాయం మానడం మనకు వింత కాదు. వింతగా తోచాల్సింది ఆ తర్వాత జరిగేది. గాయం పూడాక చర్మం పెరగడం ఎందుకు ఆగిపోతుంది? పూడ్చే పనిలో పడ్డ కణాలు అలాగే పెరుగుతూ పోయి వేలి మీద బొడిపె కట్టవేం?

బడిలో కణ విభజన పాఠం విన్న పిల్లలకు వచ్చే సందేహమే ఇది. పాఠ్యపుస్తకం మాత్రం క్రోమోజోములు ఎలా బారులు తీరతాయో, ఎలా విడిపోతాయో బొమ్మలు వేసి చూపించి ఊరుకుంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతున్నారన్న సంగతి అందులో అంతగా కనిపించదు.

మన ఒంట్లో రోజుకు దాదాపు 33 వేల కోట్ల కణాలు పోయి, వాటి చోట కొత్తవి వస్తున్నాయని 2021లో వేసిన ఒక లెక్క చెబుతోంది. అందులో ఎక్కువ భాగం రక్తకణాలే. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పేగు లోపలి పొర నాలుగైదు రోజుల్లోనే మారిపోతుంది. మెదడులోని నాడీకణాలు చాలావరకు ఇక ఎప్పటికీ విడిపోవు. కాలేయం సంగతి మరీ విచిత్రం. మామూలుగా దాని కణాలు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. ఆపరేషన్‌లో మూడింట రెండు వంతులు తీసేస్తే మిగిలింది పెరగడం మొదలుపెట్టి, దాదాపు పాత పరిమాణానికి చేరి, అక్కడ ఆగుతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కణం అలసిపోయి ఆగదు. తిండి చాలక ఆగడం అప్పుడప్పుడు ఉంటుంది కానీ, మన ఒంట్లో సాధారణంగా దాన్ని పట్టి ఆపేవాళ్లుంటారు. ఆ ఆపేవాళ్లూ, వదిలేవాళ్లూ అందరూ ప్రోటీన్లే. విభజన గురించి గత యాభై ఏళ్లలో తెలిసిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. కణం రెండుగా చీలడం కంటే, సమయం వచ్చేదాకా చీలకుండా ఉండటానికే ఎక్కువ ఏర్పాట్లు ఉన్నాయి.

నాలుగు మజిలీలు

ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుందని రుడాల్ఫ్ ఫిర్షో 1855లో చెప్పాడు. క్రోమోజోములు ఎలా పంపకమవుతాయో వాల్టర్ ఫ్లెమింగ్ 1882 నాటికి బొమ్మలు గీసి చూపించాడు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు సూక్ష్మదర్శినిలో కనబడేది ఆ పంపకం ఒక్కటే. మిగతా సమయమంతా కణం ఊరికే కూర్చున్నట్టు ఉండేది.

1953లో లండన్‌లో అల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ చిక్కుడు జాతి మొక్క వేరు కొసలకు రేడియోధార్మిక భాస్వరం పట్టించి చూశారు. డీఎన్ఏకు నకలు తయారయ్యేది ఎప్పుడు పడితే అప్పుడు కాదని, మధ్యలో ఒక నిర్ణీత కాలంలోనే అని తేలింది. దాని ముందు ఒక ఖాళీ, వెనక ఒక ఖాళీ. అలా నాలుగు దశలు ఏర్పడ్డాయి. తొలి విరామం, నకలు దశ, మలి విరామం, పంపకం. పుస్తకాల్లో వీటినే జీ1, ఎస్, జీ2, ఎం అంటారు.

ప్రయోగశాలలో పెంచే మానవ కణానికి ఈ చుట్టు పూర్తవడానికి దాదాపు 24 గంటలు పడుతుంది. తొలి విరామానికి పదకొండు గంటలు, నకలుకు ఎనిమిది, మలి విరామానికి నాలుగు, పంపకానికి గంట. ఆ ఎనిమిది గంటల్లో రెండు మీటర్ల పొడవున్న డీఎన్ఏ, 600 కోట్లకు పైగా అక్షరాలు, ఒక్కసారి, ఒకే ఒక్కసారి నకలు కావాలి. తర్వాత 46 క్రోమోజోముల జంట ప్రతులు చెరో కణానికీ ఒక్కొక్కటిగా చేరాలి. నకలు పూర్తికాకుండా పంపకం మొదలైతే సర్వనాశనం. ఏది ముందు, ఏది వెనక అన్న క్రమాన్ని ఎవరు కాస్తున్నారు?

రెండు కణాలను కలిపితే

దీనికి మొదటి గట్టి ఆధారం అందించినవాళ్లలో పోతు ఎన్. రావు ఒకరు. అమెరికాలోని కొలరాడోలో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి 1970లో ఆయన ప్రచురించిన ప్రయోగాలు ఎంత సూటిగా ఉంటాయంటే, హైస్కూలు పిల్లలకు కూడా చెప్పొచ్చు.

సెండాయ్ అనే వైరస్ ఉంది. అది తగిలితే పక్కపక్కనున్న కణాల పొరలు అతుక్కుని రెండూ ఒక్కటైపోతాయి. వైరస్‌ను ముందే నిర్వీర్యం చేసి వాడితే కణానికి జబ్బు రాదు, అతుకు మాత్రం పడుతుంది. రావు, జాన్సన్ వేరువేరు మజిలీల్లో ఉన్న కణాలను ఇలా జతచేశారు. ఒకే సంచిలో రెండు కేంద్రకాలు. నకలు దశలో ఉన్న కణాన్ని తొలి విరామంలో ఉన్నదానితో కలిపితే, తొలి విరామపు కేంద్రకం తన వేళకు ముందే నకలు మొదలుపెట్టింది. అదే నకలు దశ కణాన్ని మలి విరామపు కణంతో కలిపితే రెండో కేంద్రకం కదల్లేదు. దాని నకలు అప్పటికే అయిపోయింది కదా, మళ్లీ చేయనివ్వలేదు. ఇక పంపకంలో ఉన్న కణాన్ని దేనితో కలిపినా సరే, అవతలి కేంద్రకం పొర కరిగిపోయి, క్రోమోజోములు సిద్ధంగా ఉన్నా లేకున్నా దారాల్లా చుట్టుకుపోయాయి. నకలు సగంలో ఉన్నవైతే ముక్కలు ముక్కలుగా, పొడిపొడిగా కనిపించాయి.

అంటే ఆజ్ఞ కేంద్రకంలో దాగి లేదు. కణద్రవ్యంలో కలిసి తిరిగే పదార్థమేదో ఉంది. అది పక్క కేంద్రకానికి చేరి దాని చేత కూడా పని చేయిస్తోంది. ఆ మరుసటి ఏడే యోషియో మసుయి, క్లెమెంట్ మార్కర్ట్ కప్ప అండాల్లో ఇలాంటిదే చూపించారు. పక్వమైన అండం లోపలి ద్రవాన్ని సూదితో తీసి పక్వం కాని అండంలోకి ఎక్కిస్తే, అదీ విభజనకు సిద్ధపడింది. పదార్థం ఉందని తెలిసింది కానీ, అదేమిటో తేలడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. ఈ రంగానికి నోబెల్ వచ్చినప్పుడు ఆ జాబితాలో రావు, జాన్సన్, మసుయి లేరు. వాళ్ల ప్రయోగాలు మన ఇంటర్ పుస్తకాల్లో ఒక పేజీకైనా నోచుకోవాలని నా కోరిక.

రావు వాడినవి హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ కంతిలోంచి, ఆమెకు చెప్పకుండా తీసుకున్న కణాలవి. ఆ కణాలు ఆగకుండా ఎందుకు పెరుగుతూ వచ్చాయో ఈ అధ్యాయం చివరికొచ్చేసరికి తెలుస్తుంది.

ఈస్టు చెప్పిన గుట్టు

రొట్టెపిండిని పొంగించే ఈస్టు ఒకే కణం ఉన్న జీవి. తల్లి కణం మీద చిన్న మొగ్గ వేసి, దాన్ని పెంచి, తెంచేస్తుంది. మొగ్గ ఎంతుందో చూస్తే కణం ఏ మజిలీలో ఉందో చెప్పేయవచ్చు. సియాటిల్‌లో లీ హార్ట్‌వెల్ ఈ సదుపాయాన్నే వాడుకున్నాడు. చల్లగా ఉంటే మామూలుగా పెరిగి, వేడి చేస్తే ఆగిపోయే లోపభూయిష్టమైన ఈస్టు రకాలను వెతికి పట్టాడు. వేడి తగలగానే ఒక రకంలో కణాలన్నీ ఒకే సైజు మొగ్గతో ఆగిపోయాయంటే, చెడిన జన్యువు ఆ మజిలీకి సంబంధించినదన్నమాట. ఇలా విభజనతో ముడిపడిన జన్యువులు వందకు పైగా దొరికాయి. వాటిలో సీడీసీ28 అనేది చెడితే కణం మొగ్గ వేయకుండానే నిలిచిపోయింది. అసలు ప్రయాణమే మొదలవదు.

ఎడిన్‌బరోలో పాల్ నర్స్ మరో ఈస్టును పట్టుకున్నాడు. అది తూర్పు ఆఫ్రికాలో చిరుధాన్యాలతో చేసే బీరు నుంచి వచ్చింది. కడ్డీలా పొడవుగా పెరిగి, సరిగ్గా నడిమికి చీలుతుంది. నర్స్ కళ్లబడ్డ ఒక లోపపు రకం సగం పొడవుకే చీలిపోతోంది. పెరగకముందే చీలుతోందంటే లోపించింది విభజన చేయించే ప్రోటీను కాదు, ఆపి ఉంచే ప్రోటీను. చిన్నది అనే అర్థమున్న స్కాట్లండ్ మాటతో దానికి వీ1 అని పేరు పెట్టారు. కణం కావలసినంత పెరిగేదాకా పట్టి ఉంచడమే దాని పని. మరికొన్నాళ్లకు సీడీసీ2 అనే ఇంకో జన్యువు దొరికింది. అది చెడితే కణం అసలు చీలదు. దానిలోనే ఇంకో రకం మార్పు వస్తే తొందరపడి చీలుతుంది. ఆపడానికైనా వదలడానికైనా అదే కీలకమని అర్థమైంది. హార్ట్‌వెల్ సీడీసీ28, నర్స్ సీడీసీ2 రెండూ ఒకే ప్రోటీనుకు రెండు పేర్లని తర్వాత తెలిసింది.

నన్ను ఇప్పటికీ నిలువునా నిలబెట్టేసే ప్రయోగం 1987లో జరిగింది. నర్స్ బృందంలో మెలనీ లీ, సీడీసీ2 చెడిపోయి చీలలేకపోతున్న ఈస్టులోకి మానవ జన్యువుల ముక్కలను రకరకాలుగా ఎక్కించి చూసింది. చాలావరకు ఏమీ కాలేదు. ఒక ముక్క చేరిన ఈస్టు మాత్రం లేచి చీలడం మొదలుపెట్టింది. మనిషి ప్రోటీను ఈస్టు పనిని నడిపించింది! ఈస్టు దారి, మన దారి వేరై వంద కోట్ల ఏళ్లు దాటింది. అయినా ఆ రెండు ప్రోటీన్ల నిర్మాణంలో 60 శాతానికి పైగా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. దీన్ని ఇప్పుడు సీడీకే1 అంటున్నాం. ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు అనే చిన్న ముక్కను తగిలించడం దాని పని. ఆ ముక్క తగలగానే అవతలి ప్రోటీను స్వభావం మారిపోతుంది. కేంద్రకం పొరను నిలబెట్టే ప్రోటీన్లకు తగిలితే పొర విడిపోతుంది. డీఎన్ఏను చుట్టబెట్టే ప్రోటీన్లకు తగిలితే క్రోమోజోములు బిగుసుకుంటాయి.

కానీ ఒక చిక్కు మిగిలింది. సీడీకే1 కణంలో అన్నివేళలా దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. మరి అది కొన్ని వేళల్లోనే పనిచేస్తుందేం?

పుట్టడం, మాయమవడం

1982 వేసవిలో టిమ్ హంట్ అమెరికా తూర్పు తీరంలోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో ఉన్నాడు. అక్కడ సముద్రపు అర్చిన్‌లు దండిగా దొరుకుతాయి. ఒక ఆడ అర్చిన్ లక్షలాది అండాలు ఇస్తుంది. వాటిని ఒకేసారి ఫలదీకరణం చేస్తే అన్నీ ఒకే తాళానికి చీలుతూ పోతాయి. హంట్ వాటికి రేడియోధార్మిక అమైనో ఆమ్లం కలిపి, కొన్ని నిమిషాలకోసారి కాస్త తీసి, అందులో కొత్తగా తయారైన ప్రోటీన్లను జెల్ మీద పరిచాడు. ఒక్కో ప్రోటీను ఒక్కో నల్లని గీతగా కనబడుతుంది. సమయం గడిచేకొద్దీ గీతలన్నీ ముదరాలి. ముదిరాయి కూడా. ఒక గీత మాత్రం ముదిరి ముదిరి, కణం చీలే వేళకు మాయమైంది. మళ్లీ మెల్లగా కనిపించి, రెండో విభజనకు మళ్లీ మాయమైంది.

అంత కష్టపడి చేసుకున్న ప్రోటీనును కణం తానే ధ్వంసం చేసుకుంటుందని అప్పట్లో ఊహించినవాళ్లు తక్కువ. హంట్ దానికి సైక్లిన్ అని పేరు పెట్టాడు. 1988లో జేమ్స్ మాలర్ బృందం కప్ప అండాల్లోని ఆ పాత అజ్ఞాత పదార్థాన్ని శుద్ధి చేసింది. అందులో ఉన్నవి రెండు ప్రోటీన్లు. ఒకటి సీడీకే1, రెండోది సైక్లిన్. రావు కలిపిన కణాలు, మసుయి కప్పలు, ఈస్టులు, అర్చిన్‌లు అన్నీ వచ్చి ఒకచోట కలిశాయి. 2001 నోబెల్ బహుమతిని హార్ట్‌వెల్, నర్స్, హంట్ పంచుకున్నారు.

ఒంటి లైను మీద రైళ్లు నడిచిన రోజులు ఎరిగినవాళ్లకు ఈ జంట సంగతి ఇట్టే బోధపడుతుంది. స్టేషన్ మాస్టరు పెద్ద వలయానికి తోలుసంచి కట్టి, అందులో ఇనుప గోళం పెట్టి డ్రైవరుకు అందించేవాడు. అదే టోకెన్. ఇంజను ఎంత బలమైనదైనా టోకెన్ చేతికి రానిదే కదలకూడదు. ఆ టోకెన్ పక్క స్టేషన్ దాకానే చెల్లుతుంది. అక్కడ దాన్ని దించేసి, ఆపై ప్రయాణానికి వేరే టోకెన్ తీసుకోవాలి. పాతది తిరిగి యంత్రంలో పడితే తప్ప ఆ లైనుకు కొత్తది బయటికి రాదు. సీడీకే ఇంజను, సైక్లిన్ టోకెన్. తొలి విరామం దాటడానికి సైక్లిన్ డి, నకలు మొదలుపెట్టడానికి ఇ, సాగించడానికి ఎ, పంపకానికి బి. మన కణాల్లో సీడీకేలు కూడా ఒకటి కాదు, నాలుగైదు ఈ పనిలో ఉన్నాయి. తేడా ఒక్కటే. వాడిన సైక్లిన్‌ను కణం దాచుకోదు. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్లను దానికి గొలుసుగా తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన ప్రోటీనును ముక్కలు చేసే యంత్రం కణంలో సిద్ధంగా ఉంటుంది.

ఈ ధ్వంసం ఎంత అవసరమో 1989లో ఆండ్రూ ముర్రే, మార్క్ కిర్ష్నర్ చూపించారు. కప్ప అండాల ద్రవంలో, ధ్వంసానికి లొంగకుండా కత్తిరించిన సైక్లిన్‌ను వేశారు. పంపకం మొదలైంది, కానీ ముగియలేదు. దశ అక్కడే బిగుసుకుపోయింది.

సైక్లిన్ మెల్లమెల్లగా పోగవుతుంది, విభజన మాత్రం ఒక్క ఉదుటున మొదలవుతుంది. అదెలా? ఇక్కడే వీ1 మళ్లీ వస్తుంది. సైక్లిన్ వచ్చి చేరినా, సీడీకే1 మీద అది ఒక అడ్డు ఫాస్ఫేటు తగిలించి పట్టి ఉంచుతుంది. సీడీసీ25 అనే మరో ప్రోటీను ఆ అడ్డు తీసేస్తుంది. అడ్డు తొలగిన కాసిన్ని సీడీకే1 అణువులు వెంటనే సీడీసీ25ను ఎగదోస్తాయి, వీ1ను అణుస్తాయి. దాంతో ఇంకొన్ని అడ్డులు తొలగుతాయి. కొద్ది నిమిషాల్లో అన్నీ మేల్కొంటాయి. సగం విభజన అనే మాటే ఉండదు.

తనిఖీలు

ఎక్స్‌రేలు తగిలిన ఈస్టు విభజన ఆపి, తెగిన డీఎన్ఏను బాగుచేసుకుని, అప్పుడు ముందుకు సాగుతుంది. రాడ్9 అనే జన్యువు లోపించిన ఈస్టు ఆగదు, చనిపోతుంది. బాగుచేసుకోవడం చేతకాక చనిపోతోందా, లేక ఆగకపోవడం వల్లా? టెడ్ వైనర్ట్, హార్ట్‌వెల్ 1988లో దీన్ని తేల్చిన తీరు చక్కగా ఉంటుంది. ఆ లోపపు ఈస్టును ఒక రసాయనంతో బలవంతంగా ఆపి ఉంచి, కొంతసేపటికి వదిలారు. చాలా కణాలు బతికాయి. మరమ్మతు దానికి తెలుసు. ఆగడం తెలియకే చస్తోంది.

మనిషిలో ఇలాంటి కాపలా కాసే ప్రోటీన్లలో పేరున్నది పీ53. డీఎన్ఏ తెగితే అది పోగై, పీ21 అనే ప్రోటీనును తయారు చేయిస్తుంది. పీ21 వెళ్లి సీడీకేలకు అడ్డం పడుతుంది. దెబ్బ మరీ పెద్దదైతే పీ53 ఆ కణాన్ని చావుకు పంపుతుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగానికి ఈ జన్యువు చెడిపోయి ఉంటుంది.

పంపకం మధ్యలో ఇంకో తనిఖీ ఉంది. కండె తంతువులు ప్రతి క్రోమోజోము జంటనూ రెండు వైపుల నుంచీ పట్టుకోవాలి. ఒక్కటి పట్టు దొరకకుండా ఉన్నా కణం మొత్తం ఆగి ఎదురుచూస్తుంది. 1995లో కాన్లీ రీడర్ బృందం, అలా పట్టు దొరకని చివరి క్రోమోజోము మీది అతుకు స్థానాన్ని లేజరుతో కాల్చేసింది. పట్టు దొరక్కపోయినా సరే, కణం ముందుకు సాగిపోయింది. అంటే, ఆగమనే కబురు ఆ చిన్న చోటు నుంచే వెళుతోంది. ఆ కబురు ఆగిన క్షణాన సైక్లిన్ బి ధ్వంసం మొదలవుతుంది, క్రోమోజోము జంటలను కట్టి ఉంచిన ప్రోటీను తెగుతుంది, రెండు ప్రతులూ చెరోవైపు వెళ్లిపోతాయి.

వేలి గాయం, పసిపాప కన్ను

ఇప్పుడు తెగిన వేలికి జవాబు చెప్పొచ్చు. తొలి విరామంలో కణాన్ని పట్టి ఉంచేది ఆర్‌బీ అనే ప్రోటీను. నకలుకు కావలసిన జన్యువులను తెరిచే ఈ2ఎఫ్ ప్రోటీనును అది గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. గాయం కాగానే అక్కడ చేరిన రక్త ఫలకికలు పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్లను వదులుతాయి. ఆ కబురు అందిన చర్మకణం సైక్లిన్ డి తయారుచేస్తుంది. అది సీడీకే4, సీడీకే6లతో కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. ఆర్‌బీ పట్టు సడలుతుంది. ఒక హద్దు దాటాక కబురు ఆగినా కణం వెనక్కి రాదు, చుట్టు పూర్తి చేస్తుంది. ఆ హద్దును ఆర్థర్ పార్డీ 1974లో గుర్తించాడు.

గాయం పూడాక కబురు సన్నగిల్లుతుంది. కణాలు ఒకదాన్నొకటి తాకి, పీ27 లాంటి అడ్డు ప్రోటీన్లు పెరుగుతాయి. అన్నిటికంటే ముఖ్యం, సైక్లిన్ డి బతికేదే స్వల్పకాలం. అరగంట అయ్యేసరికి ఉన్నదాంట్లో సగం ధ్వంసమైపోతుంది. కొత్త కబురు రాకపోతే గంటల్లోనే అడుగంటుతుంది. ఆర్‌బీ మళ్లీ పట్టు బిగిస్తుంది. వేలి మీద బొడిపె లేకపోవడానికి కారణం ఇదీ.

ఆ ఆర్‌బీ లేకపోతే ఏమవుతుందో పసిపిల్లల కళ్లలో కనిపిస్తుంది. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి, రెండూ చెడితేనే ఈ జబ్బు వస్తుందని ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లో లెక్కగట్టి చెప్పాడు. జన్యువు 1986లో దొరికింది. ఆర్‌బీ అన్న పేరు కూడా ఈ జబ్బు నుంచి వచ్చిందే. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో బిడ్డ కంటిపాప ఒకటి ఎర్రగా కాకుండా తెల్లగా మెరిస్తే, లేదా మెల్లకన్ను కనిపిస్తే, దిష్టి అనో, పెద్దయ్యాక పోతుందనో ఊరుకోకండి. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇలాంటి పిల్లలకు ప్రత్యేక వైద్యం ఉంది. తొందరగా పట్టుకుంటే ప్రాణమే కాదు, చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది.

హీలా కణాల్లో జరిగింది వేరు. హెన్రియెటా లాక్స్‌కు సోకిన పాపిలోమా వైరస్ తన ఈ7 ప్రోటీనుతో ఆర్‌బీని పట్టేసి పనికిరాకుండా చేసింది. ఈ6తో పీ53ను ధ్వంసం చేయించింది. ఆ రెండు కాపలాలూ ఒకేసారి పోయాయి. ఆడపిల్లలకు వేయించమంటున్న హెచ్‌పీవీ టీకా అడ్డుకునేది ఈ వైరస్ జాతినే.

తెలిసిన దాన్ని మందుగా

మన పెరళ్లలో పెరిగే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ కండె తంతువులను కట్టనివ్వదు. పట్టు దొరకని క్రోమోజోములు ఆగమని కబురు పంపుతూనే ఉంటాయి. కణం పంపకం మధ్యలో చిక్కుకుని చివరికి చనిపోతుంది. పసిపిల్లల రక్త క్యాన్సర్‌కీ, రెటినోబ్లాస్టోమాకీ దీన్ని వాడతారు. చీలుతున్న కణం ఏదైనా దీనికి ఒకటే కాబట్టి, చురుగ్గా చీలే వెంట్రుకల కుదుళ్లు కూడా దెబ్బతిని జుట్టు రాలుతుంది.

2015లో అమెరికాలో అనుమతి పొందిన పాల్బోసిక్లిబ్ ఇంకో దారి పట్టింది. అది సీడీకే4, సీడీకే6లను మాత్రమే ఆపుతుంది. హార్మోన్లతో పెరిగే రొమ్ము క్యాన్సర్లు చాలావరకు ఈ జంట మీదే ఆధారపడతాయి. ఆర్‌బీ చెక్కుచెదరకుండా ఉన్న కణాల్లోనే ఇది పనిచేస్తుంది. పట్టు బిగించేదే లేకపోతే సీడీకేలను ఆపి లాభం లేదు కదా. 2023 జనవరిలో మన దేశంలో దీని పేటెంటు గడువు తీరింది. పలు కంపెనీలు జనరిక్ మాత్రలు తేవడంతో ధర బాగా దిగి, మధ్యతరగతి ఇళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది.

ఈ మాత్రను 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. వాడేవాళ్ల రక్తపరీక్షలో తెల్లకణాలు తగ్గడం మామూలే. ఎముక మజ్జలో తెల్లకణాలను తయారుచేసే మూలకణాలు కూడా చీలడానికి సీడీకే6 మీదే ఆధారపడతాయి. ఇతర కీమోథెరపీ మందులకు ఆ కణాలు చనిపోతాయి. ఇక్కడ ఎక్కువగా తొలి విరామంలో ఆగి ఉంటాయి, అంతే. మందు ఆపిన వారంలో సీడీకేలు తిరిగి పని అందుకుంటాయి, మజ్జ కణాలు ఆగిన చోటి నుంచి కదులుతాయి, తెల్లకణాల సంఖ్య మళ్లీ పెరుగుతుంది. మందుచీటీలో డాక్టరు రాసే ఆ ఏడు రోజుల ఖాళీ అందుకే.